ఇది అపశ్రుతేనా? నాలుగు ఫ్రెంచ్ హార్న్‌ల సంగీతంలో అసలు జరిగేదేమిటి

పెళ్ళిళ్ళ సీజన్ అయిపోయాక నెల్లూరు బ్యాండు మేళాల వాళ్ళకు కాస్త తీరిక దొరుకుతుంది. ఈమధ్య అలాంటి తీరిక వేళ వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో రెండు వీడియోలు తిరిగాయి. ఒకదాంట్లో నలుగురు మనుషులు అర్ధచంద్రాకారంలో కూర్చుని, చుట్టలు చుట్టిన ఇత్తడి బూరలు ఊదుతున్నారు. డ్రమ్ము లేదు, డోలు లేదు, చెయ్యి ఊపే కండక్టరూ లేడు. రెండోదాంట్లో చిన్న ఆర్కెస్ట్రా ఉంది, అందులోనూ ఇలాంటి బూరలే ఉన్నాయి గానీ కొన్నింటికి మీటలు లేవు. వాటిలోంచి వచ్చే స్వరాలు మరీ విడ్డూరంగా ఉన్నాయి. ట్రంపెట్ వాయించే ఒకాయన వెంటనే తేల్చేశాడు: "శ్రుతి తప్పారు." యూఫోనియం అనే పెద్ద ఇత్తడి బూర ఊదే ఆయన ఒప్పుకోలేదు. "టికెట్టు కొనుక్కుని వచ్చిన జనం ముందు నలుగురూ ఒకేసారి శ్రుతి తప్పుతారా? కావాలనే చేసుంటారు."

ఆ మొదటి వీడియో జర్మన్ స్వరకర్త పాల్ హిందెమిత్ 1952లో రాసిన నాలుగు హార్న్‌ల సొనాటా, అంటే కొన్ని భాగాలుగా నడిచే వాయిద్య రచన. రెండోది హంగేరియన్ స్వరకర్త లిగెటి 1998–99లో రాసి, 2002లో ఇంకొంత చేర్చి సవరించిన హాంబర్గ్ కన్సర్టో, అంటే ఒక వాయిద్యం ముందుండి, ఆర్కెస్ట్రా తోడుగా నడిచే రచన. మొదటిసారి వినేవాళ్ళకు రెండూ "ఎక్కడో తేడా కొట్టినట్టు" ఉంటాయి. కానీ ఒకదానిలో తేడా రచయిత పక్కపక్కన పెట్టిన స్వరాల వల్ల వచ్చింది. రెండోదానిలో గొట్టం స్వభావం వల్ల వచ్చింది. ఇవి కాక నిజంగానే పెదవి జారి వచ్చే తప్పు ఒకటుంది. ఈ మూడూ కలగాపులగం కావడం వల్లే వాదన తెగలేదు.

ఈ వాయిద్యం ఏమిటి, మన కొమ్ముకు ఏమవుతుంది

ట్రంకు రోడ్డులో నిలబడి హార్న్ అంటే ఎవరికైనా ఆర్టీసీ బస్సే గుర్తొస్తుంది. ఇక్కడ మాట్లాడుకుంటున్నది ఫ్రెంచ్ హార్న్ గురించి. దాని చుట్టలన్నీ విప్పదీసి నేల మీద పరిస్తే, ఎఫ్ శ్రుతి హార్న్ గొట్టం దాదాపు 3.7 మీటర్ల పొడవుంటుంది. ఒక కొసన పెదవులు ఆనించే చిన్న మౌత్‌పీస్, ఇంకో కొసన బాగా విచ్చుకున్న బెల్. ఎడమ చేతి వేళ్ళు మీటల మీద ఉంటాయి. కుడి చెయ్యి బెల్ లోపల ఉంటుంది. బూరను పట్టుకోవడానికే చెయ్యి అక్కడ పెట్టారనుకుంటే పొరపాటు. స్వరాన్ని కాస్త పైకీ కిందికీ లాగడం, నాదాన్ని మెత్తన చేయడం, అవసరమైతే పూర్తిగా మూసేసి కీచుమనిపించడం, ఇవన్నీ ఆ చేతి పనులే.

పుట్టుకను బట్టి ఇది వేటకొమ్ము సంతతి. మన తిరునాళ్ళ ఊరేగింపుల్లో ఊదే కొమ్ము కూడా ఇదే సూత్రం మీద పలుకుతుంది. గొట్టానికి రంధ్రాలుండవు, పెదవుల అదురే శబ్దానికి మూలం. సన్నాయి కథ వేరు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్న షేక్ చినమౌలానా గారి వాదనం విన్నవాళ్ళకు ఆ తేడా చెప్పనక్కర్లేదు. రంధ్రాన్ని సగం మూసి, పీక మీద పెదవుల ఒత్తిడి మార్చి, ఒక స్వరం లోంచి ఇంకో స్వరంలోకి జారిపోవచ్చు. గమకం పుట్టేది ఆ జారుడులోనే. రంధ్రాలు లేని గొట్టం అంత వీలివ్వదు. దానికంటూ కొన్ని మెట్లున్నాయి. పెదవులు బిగించేకొద్దీ ఒక మెట్టు నుంచి పై మెట్టుకు దూకాల్సిందే. కొమ్ము ఊదేవాళ్ళు మామూలుగా రెండు మూడు మెట్లతో సరిపెడతారు. ఫ్రెంచ్ హార్న్ పదహారో మెట్టు దాకా ఎక్కుతుంది, గొడవంతా ఆ పై మెట్లలోనే ఉంది.

ఒక్క గొట్టంలో ఎన్ని స్వరాలు, ఏయే స్వరాలు

ఎఫ్ హార్న్ గొట్టంలో గాలి కంపించగల అతి తక్కువ వేగం సెకనుకు సుమారు 43.65 సార్లు. దీనికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు, ఇలా నిండు సంఖ్యల వరసలో వచ్చే కంపనాలన్నీ ఆ గొట్టం పలుకుతుంది. రెండున్నర రెట్లు పలకమంటే పలకదు. ఫిజిక్సులో వీటిని అనుస్వరాలంటారు.

హార్మోనియం లెక్కలో ఎఫ్ అంటే నాలుగు శ్రుతి. దాన్ని షడ్జంగా పెట్టుకుంటే ఈ వరస మన స్వరాల్లోకి తేలిగ్గా వస్తుంది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అన్నీ షడ్జాలే, స్థాయి మారుతుందంతే. మూడు, ఆరు, పన్నెండు పంచమాలు. ఐదు, పది అంతర గాంధారాలు. తొమ్మిది చతుశ్రుతి రిషభం. పదిహేను కాకలి నిషాదం. తంబూరా చక్కగా శ్రుతి కలిసినప్పుడు, ఏ తీగా గాంధారానికి బిగించకపోయినా గాంధారం దానంతట అది వినబడుతుంది. సంగీతం నేర్చుకున్నవాళ్ళు స్వయంభూ గాంధారం అనేది ఈ ఐదో అనుస్వరాన్నే. కాబట్టి హార్న్ చేసే పని మన చెవికి మరీ పరాయిదేమీ కాదు.

మిగిలినవాటితోనే పేచీ. ఏడోదీ, దాని పై స్థాయి పద్నాలుగోదీ కైశికి నిషాదం దగ్గరికి వస్తాయి కానీ అందుకోవు. పదకొండోది శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ నట్టనడుమ నిలబడుతుంది. పదమూడోది శుద్ధ ధైవతానికీ చతుశ్రుతి ధైవతానికీ మధ్యన ఉంటుంది.

ఎంత తేడా అన్నది కొలవడానికి సంగీతజ్ఞులు వాడే కొలతను సెంటు అంటారు. ఎకరాన్ని వంద సెంట్లు చేసినట్టే, హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని కూడా వంద సెంట్లు చేశారు. ఆ లెక్కన ఐదో అనుస్వరం హార్మోనియం గాంధారం కంటే 14 సెంట్లు కిందికి ఉంటుంది. అలవాటు లేని చెవి పట్టుకోలేదు. ఏడోది హార్మోనియం నిషాదం కంటే 31 సెంట్లు కిందికి. ఇది చాలామందికి తెలిసిపోతుంది. పదకొండోది శుద్ధ మధ్యమం నుంచి 51 సెంట్లు పైకి, అంటే ఇటూ కాదు, అటూ కాదు. ఇది ఎవరికైనా తెలుస్తుంది. రెండో వీడియో చూసి ట్రంపెట్ ఆయన ఉలిక్కిపడ్డాడంటే ఇలాంటి స్వరాల వల్లే.

బ్యాండు మేళంలో దొరికే రుజువు

ఈ లెక్కలు చూడటానికి ఫ్రెంచ్ హార్న్ అక్కర్లేదు. ఒంగోలు, కావలి, నెల్లూరు, ఎక్కడి బ్యాండులో చూసినా యూఫోనియం ఉంటుంది. బి ఫ్లాట్ యూఫోనియం గొట్టం దాదాపు 2.75 మీటర్లు. మనవాళ్ళ లెక్కలో ఆరున్నర శ్రుతి. దాని మొదటి కంపనం సెకనుకు 58.27. మీటలేవీ నొక్కకుండా ఊదుతూ పోతే ఐదో అనుస్వరంగా గాంధారం వస్తుంది: 58.27 ఐదు రెట్లు 291.35. సరిగ్గా శ్రుతి చేసిన హార్మోనియంలో అదే గాంధారం 293.66. రెండూ కలిపి మోగిస్తే శబ్దం సెకనుకు రెండుసార్లకు కాస్త ఎక్కువగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఈ ఊపునే ఇంటర్ ఫిజిక్స్ తెలుగు మీడియం పుస్తకాల్లో విస్పందనాలు అంటారు.

ఏడో అనుస్వరం దగ్గర ఊపు బాగా వేగమవుతుంది. 58.27 ఏడు రెట్లు దాదాపు 407.9. హార్మోనియం నిషాదం 415.3. తేడా సెకనుకు ఏడుకు పైనే, అంటే ఊపు కాస్తా గరగర అవుతుంది. అలవాటైన యూఫోనియం ఆయన పెదవులతో స్వరాన్ని పైకి లాగి సరిచేస్తాడు, తను సరిచేస్తున్న సంగతి కూడా తనకు తెలియదు. అసలు ఏడో అనుస్వరం జోలికే పోకుండా అదే స్వరాన్ని మీట నొక్కి తీసుకోవడం ఇంకా మామూలు. బ్యాండులో పాటకు మిగతా వాయిద్యాలతో కలవాలి కాబట్టి అది సబబే. లిగెటి సరిగ్గా ఆ సరిచేయడాన్నే ఆపేశాడు.

చెయ్యి, మీటలు, నలుగురు

18వ శతాబ్దం నడుమ దాకా హార్న్‌కు ఈ అనుస్వరాలే ఆస్తి. డ్రెస్డెన్‌లో ఉండే హంపెల్ అనే హార్న్ వాయిద్యకారుడు బెల్‌లో చెయ్యి పెట్టి మధ్య స్వరాలు తీసే పద్ధతిని ఒక దారికి తెచ్చినట్టు చెబుతారు. చెయ్యి కొంత మూస్తే స్వరం కిందికి దిగుతుంది. పూర్తిగా మూస్తే మాత్రం అర మెట్టు, అంటే హార్మోనియంలో పక్క మెట్టంత దూరం, పైకి ఎక్కినట్టు అనిపిస్తుంది. ఊదేవాళ్ళూ అలానే లెక్కేసుకుని, మూసి ఊదేటప్పుడు అర మెట్టు కింది మీటలు పడతారు. భౌతిక శాస్త్రం చదివినవాళ్ళు దీన్ని ఇంకోలా చెబుతారు. చెయ్యి మూసేకొద్దీ ప్రతి మెట్టూ కిందికే జారుతూ పోయి, చివరికి తన కింది మెట్టుకు అర మెట్టు పైన ఆగుతుందంటారు. చెవికి రెండూ ఒకటే గనక ఈ తగాదా వేదిక మీదికి రాదు.

ఇక నలుగురెందుకు? చెయ్యి పద్ధతి ఉన్నా ఒక్కో హార్న్ ఒక్క శ్రుతికే బాగా పలికేది. రెండు వేర్వేరు శ్రుతుల హార్న్‌లు రెండేసి పెట్టుకుంటే రచయితకు స్వరాలు ఎక్కువ దొరుకుతాయి. 1821లో వేబర్ ఒపెరా డెర్ ఫ్రైషుట్స్ ఆరంభ సంగీతంలో నాలుగు హార్న్‌లు ఉన్నది అందుకే. జంటలుగా మొదలైన ఆ లెక్క ఇప్పటికీ పోలేదు. ఆర్కెస్ట్రాలో ఒకటో, మూడో హార్న్ వాళ్ళు పై స్వరాలు చూసుకుంటారు, రెండో, నాలుగో వాళ్ళు కింది స్వరాలు. సీనియారిటీ వరసలో పై నుంచి కిందికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అనుకుంటే తప్పు.

1810ల్లో జర్మనీలో ష్టోల్‌సెల్, బ్లూమెల్ అనే ఇద్దరు మీటలు తెచ్చారు, 1818లో పేటెంట్ తీసుకున్నారు. మీట నొక్కితే గాలి అదనపు గొట్టంలోంచి పోతుంది, వాయిద్యం ఆ క్షణానికి కాస్త పొడవవుతుంది. నడి మీట ఒక అర మెట్టు, మొదటిది రెండు అర మెట్లు, మూడోది మూడు అర మెట్లు దించుతుంది. దాంతో హార్న్‌కు పన్నెండు స్వరాలూ చేతికొచ్చాయి. 1849లో జర్మన్ స్వరకర్త షూమన్ మీటలున్న హార్న్‌లు నాలుగింటిని ముందు కూర్చోబెట్టి, వెనక ఆర్కెస్ట్రాతో పెద్ద రచనే చేశాడు. హిందెమిత్ సొనాటా దీనికి వందేళ్ళ తరవాతిది. ఆర్కెస్ట్రాను పక్కన పెట్టేసి నలుగురినే మిగిల్చాడు.

హిందెమిత్ సొనాటాలో గరుకుదనం ఎక్కడిది

హిందెమిత్ వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా వాయించేవాడు. చాలా వాయిద్యాలు కొంతైనా తన చేతులతో వాయించి చూశాక వాటికి రాసే మనిషి. హార్న్ మీద అతనికి అభిమానం ఎక్కువే. 1939లో హార్న్, పియానోలకు సొనాటా రాశాడు. 1949లో ఇంగ్లండుకు చెందిన హార్న్ వాయిద్యకారుడు డెనిస్ బ్రెయిన్ కోసం కన్సర్టో రాశాడు. నాలుగు హార్న్‌ల సొనాటాలో మూడు భాగాలున్నాయి. మొదటిది చాలా నెమ్మదిగా నడిచే ఫ్యుగాటో. ఒకరు ఒక చరణం ఎత్తుకుంటారు, అది పూర్తయ్యేసరికి ఇంకొకరు అదే చరణాన్ని వేరే స్వరం మీద ఎత్తుకుంటారు, మొదటివారు ఆగకుండా కొత్త పలుకులతో పక్కన నడుస్తూనే ఉంటారు. రెండోది చురుకైన భాగం. మూడోది ఒక పాత జర్మన్ పాట మీద కట్టిన మార్పుల వరస. వేటగాడు తన కొమ్మును దుఃఖపు లోయలోకి ఊదుతున్నానని, తన సంతోషం మాయమైపోయిందని చెప్పుకునే పాట అది.

ఈ మార్పుల వరసను మన కృతిలో సంగతులతో పోల్చాలనిపిస్తుంది, కొంతవరకు పోల్చవచ్చు కూడా. కాకపోతే సంగతి ముందుదాని మీద పెరుగుతూ పోతుంది, తాళం, రాగం మారవు. ఇక్కడ నడక మారుతుంది, చుట్టూ ఉన్న స్వరాలు మారుతాయి. ఒక్కోసారి అసలు వరస ఎక్కడుందో వెతుక్కోవాలి.

హిందెమిత్‌కు ఒక సిద్ధాంతం ఉంది, 1937లో పుస్తకంగా వేశాడు. రెండు స్వరాలు కలిపి మోగిస్తే వాటి కంపనాల తేడాకు సమానమైన మూడో స్వరం ఒకటి మసకగా చెవికి తగులుతుంది. స్వరజంటల పొత్తును అతను దీన్ని బట్టి కొలిచాడు. లెక్క తేలికగా ఉండటానికి షడ్జం 300 కంపనాలు అనుకుందాం. పంచమం 450. తేడా 150, అంటే ఒక స్థాయి కింది షడ్జం. ఆ జంట షడ్జాన్నే బలపరిచింది. అంతర గాంధారం 375. తేడా 75, అంటే రెండు స్థాయిల కింది షడ్జం. ఇదీ బాగానే ఉంది.

శుద్ధ మధ్యమం దగ్గర తమాషా మొదలవుతుంది. అది 400. తేడా 100. వంద షడ్జం కాదు, 400ను రెండుసార్లు సగం చేస్తే వచ్చేది, అంటే కింది మధ్యమం. షడ్జం, మధ్యమం కలిపి పట్టుకుంటే చెవి మధ్యమాన్నే ఆధారంగా తీసుకోవాలని చూస్తుందన్నమాట. సాధారణ గాంధారం 360. తేడా 60. స్థాయి పెంచుకుంటూ పోతే 120, 240, 480. అది శుద్ధ ధైవతం, ఈ జంటలో ఎవరూ ఊదని స్వరం. మసక అక్కడి నుంచి మొదలు. శుద్ధ రిషభం 320, తేడా 20. అది స్వరంగా వినపడేంత పెద్దది కాదు, గరుకుగా తగులుతుంది. హిందెమిత్ తన పట్టికలో ముందు పంచమం, తరవాత మధ్యమం, అంతర గాంధారం, ఇలా వరస పెట్టుకుంటూ పోయి, షడ్జం, ప్రతి మధ్యమం జంటను అన్నిటికంటే చివర నిలబెట్టాడు.

కాబట్టి అతని సొనాటాలో వినిపించే గరుకు ఒక లెక్క ప్రకారం పెంచి, ఒక లెక్క ప్రకారం తగ్గించేది. పొత్తు కుదిరిన జంట నుంచి బిగువైన జంటకు పోయి తిరిగి వస్తాడు. నాలుగూ ఒకే వాయిద్యం కావడంతో ఈ ఎక్కుదిగుడు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. వయొలిన్, క్లారినెట్ ఉంటే నాదాల తేడాలో కొంత దాక్కునేది, ఇక్కడ దాక్కునే చోటు లేదు. ఈ సొనాటా వినేటప్పుడు ఒక గరుకు జంట దగ్గర తప్పు పట్టేముందు, తరవాతి రెండు మూడు క్షణాలు వినాలి. అది ఎక్కడో ఒక చోట దిగి కూర్చుంటే, రచయిత దాన్ని అక్కడికే నడిపిస్తున్నాడన్నమాట.

ఈ సిద్ధాంతాన్ని తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు. తేడా స్వరం బాగా వినపడాలంటే శబ్దం గట్టిగా ఉండాలి, శ్రుతి కచ్చితంగా కలవాలి. మెల్లగా వాయించేటప్పుడు సంగీతమేమీ మారిపోదు కదా అని వాళ్ళ ప్రశ్న. దానికి హిందెమిత్ పుస్తకంలో నాకు తృప్తినిచ్చే సమాధానం కనబడలేదు. అయినా హార్న్ లాంటి నిండు నాదానికి ఆ లెక్క మిగతా వాయిద్యాల కంటే బాగా అతుకుతుంది.

లిగెటి: గొట్టాన్ని దాని మానాన వదిలేస్తే

లిగెటి కన్సర్టోలో ఒక ముఖ్య హార్న్, దాని వెనక చిన్న ఆర్కెస్ట్రా, ఆ ఆర్కెస్ట్రాలో మీటలు లేని నాలుగు సహజ హార్న్‌లు ఉంటాయి. ముఖ్య హార్న్ ఊదేవాళ్ళు కూడా కొన్ని చోట్ల మీటల హార్న్ పక్కన పెట్టి సహజ హార్న్ పట్టుకుంటారు. కాబట్టి అది అచ్చంగా నలుగురి కచేరీ కాదు. కానీ ఆ నలుగురి మధ్య జరిగేదే ఈ రచనకు ప్రాణం. చేతితో గానీ పెదవితో గానీ స్వరాన్ని హార్మోనియం మెట్టు మీదికి లాగకుండా, గొట్టం ఇచ్చింది ఇచ్చినట్టు ఊదాలి.

ఒక్క హార్న్ అయితే ఏడో, పదకొండో అనుస్వరం వింతగా ఉంటుంది, అంతే. వేర్వేరు శ్రుతుల హార్న్‌లు కలిసినప్పుడు అసలు కథ మొదలవుతుంది. అది అర్థం కావడానికి మనం ఒక ఊహాచతుష్టయం పెట్టుకుందాం. నాలుగు శ్రుతి, మూడు శ్రుతి, రెండున్నర శ్రుతి, రెండు శ్రుతి హార్న్‌లు. పాశ్చాత్య పేర్లలో ఎఫ్, ఇ, ఇ ఫ్లాట్, డి.

నాలుగు శ్రుతి హార్న్ తన ఏడో అనుస్వరం ఊదితే 43.65 ఏడు రెట్లు, దాదాపు 305.6. రెండున్నర శ్రుతి హార్న్ మొదటి కంపనం 38.89, దాని ఎనిమిదోది 311.1. కాగితం మీద రెండింటి పేరూ ఇ ఫ్లాటే. మోగినప్పుడు సెకనుకు ఐదున్నర ఊపులు. ఇక మూడు శ్రుతి హార్న్ ఎనిమిదోది 329.6. రెండు శ్రుతి హార్న్ తొమ్మిదోది 330.4. ఇవి రెండూ ఇ స్వరమే, తేడా ఒకటి కన్నా తక్కువ, సెకనుకు పైగా సాగే ఒక నెమ్మది ఊపు. ఈ నాలుగూ ఒకేసారి మోగితే ఒక జంట మెల్లగా ఊగుతుంటే ఇంకో జంట వణుకుతుంది. పేరుకు రెండే స్వరాలు, వినిపించేవి నాలుగు.

ఇందులో ఏ ఒక్క హార్న్‌కీ శ్రుతి తప్పలేదు. ఒక్కోటీ తన షడ్జానికి నూటికి నూరు పాళ్ళు కట్టుబడి ఉంది. మన సంగీతంలో అందరికీ ఒకటే షడ్జం కాబట్టి ఈ పరిస్థితి రాదు. నాలుగు తంబూరాలు నాలుగు శ్రుతుల్లో పెట్టి కచేరీ మొదలెట్టమంటే ఏ విద్వాంసుడైనా లేచి వెళ్ళిపోతాడు. లిగెటి ఆ నాలుగూ అలాగే ఉంచి, వాటి మధ్య పుట్టే నాదాన్నే సంగీతం చేసుకున్నాడు.

ఈ ఆలోచన లిగెటితోనే మొదలైందని చెప్పలేం. ఇంగ్లీషు స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ 1943లో టెనర్ అనే ఎత్తైన మగ గొంతుకూ, హార్న్‌కూ, తీగ వాయిద్యాలకూ రాసిన సెరినేడ్ మొదట్లోనూ చివరా హార్న్ ఒంటరిగా సహజ అనుస్వరాలనే ఊదుతుంది. అదీ డెనిస్ బ్రెయిన్ కోసమే రాశాడు. ఇప్పటికీ ఆ ఆరంభం మొదటిసారి విన్నవాళ్ళు వాయించే మనిషిని అనుమానిస్తారు.

నిజంగా తప్పు జరిగితే ఎలా వినబడుతుంది

హార్న్‌లో నిజమైన తప్పులూ జరుగుతాయి, గొప్పవాళ్ళకూ జరుగుతాయి. కారణం మళ్ళీ ఆ మెట్లే. బి ఫ్లాట్ ట్రంపెట్ గొట్టం మీటరున్నర కూడా ఉండదు. అది ఎక్కువగా కింది అనుస్వరాల్లో తిరుగుతుంది, అక్కడ మెట్టుకూ మెట్టుకూ దూరం ఎక్కువ. రెండో అనుస్వరం నుంచి మూడోదానికి షడ్జ పంచమాల దూరం ఉంటుంది. హార్న్ తరచు ఎనిమిది, ఆ పైన ఉన్న మెట్ల దాకా ఎక్కుతుంది. అక్కడ మెట్లు కిక్కిరిసి ఉంటాయి, ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఒక రిషభం దూరమే. పెదవి పిసరంత అటూ ఇటూ అయితే పక్క మెట్టు తగిలి, స్వరం చిట్లి, వెంటనే సర్దుకుంటుంది. 19వ శతాబ్దం చివర్లో వచ్చిన డబుల్ హార్న్ ఈ టెన్షన్ కొంత తగ్గించింది. బొటనవేలి మీటతో పొట్టి బి ఫ్లాట్ గొట్టంలోకి మారితే, ఎఫ్ వైపు ఎనిమిదో మెట్టుగా ఉన్న స్వరం అక్కడ ఆరో మెట్టవుతుంది, పక్క మెట్లు దూరమవుతాయి.

చిట్లడం క్షణంలో వచ్చి పోతుంది. ఊపు స్వరం ఉన్నంతసేపూ ఉంటుంది. హిందెమిత్ గరుకు ఇంకో జంటలోకి దిగుతుంది. వినేటప్పుడు ఈ తేడా చాలు.

ఏది సరైన శ్రుతి అన్న పాత తగాదా

ప్రకృతి ఇచ్చిన అనుస్వరమే అసలు శ్రుతి, హార్మోనియం మెట్లు మనిషి చేసుకున్న సర్దుబాటు అని ఒక పక్షం. మన దేశంలో ఈ పక్షానికి బలం ఎక్కువ. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి, గమకం పలకదన్నది ఇంకొకటి. ఆ కట్టడి 1971 దాకా సడలలేదు. అదే కాలంలో నెల్లూరు, ఒంగోలు పల్లెల్లో పద్యనాటకం హార్మోనియం పెట్టె లేకుండా ఒక్క రాత్రి కూడా నడవలేదు. పద్యం ఎత్తుకునే నటుడు హార్మోనియం మెట్టును ఆసరా చేసుకుంటాడే గానీ, రాగం తీసేటప్పుడు గొంతు ఆ మెట్ల మీదే కూర్చోదు. సర్దుబాటు స్వరాలతో కళ చచ్చిపోతుందనే మాటకు ఇంతకంటే మంచి జవాబు వెతకనక్కర్లేదు.

పాశ్చాత్యుల్లో తగాదా ఇంకో రూపం తీసుకుంది. స్వరకర్త షోన్‌బెర్గ్ 1911లో వేసిన హార్మనీ పుస్తకంలో, పొత్తు కుదిరే స్వరాలకూ కుదరని స్వరాలకూ జాతిభేదం లేదన్నాడు. కుదరనివి అనుస్వరాల వరసలో ఇంకా దూరాన ఉన్నవి, చెవి అలవాటు పడితే దగ్గరవుతాయన్నది అతని వాదం. హిందెమిత్ అదే వరసను తీసుకుని తన పన్నెండు స్వరాలను మొదటి ఆరు అనుస్వరాల నుంచే రాబట్టాడు, ఏడోదాన్ని గడప దగ్గరే ఆపేశాడు. ప్రకృతి నియమమే ప్రమాణమని చెప్పిన మనిషి, ఆ ప్రకృతే ఇచ్చిన ఏడోదాన్ని పనికిరాదనడం నాకు మాత్రం సౌకర్యం కోసం గీసుకున్న గీతలాగే అనిపిస్తుంది. హిందెమిత్ పక్షాన చెప్పాల్సిందీ ఉంది. ఏడోదాన్ని రానిస్తే పన్నెండు స్వరాల చట్రం పగిలిపోతుంది, నలుగురు కలిసి ఏ శ్రుతిలోకైనా మారగల స్వేచ్ఛ పోతుంది. లిగెటి ఆ చట్రం పగిలినా పర్వాలేదనుకున్నాడు, అతనికి అంత స్వేచ్ఛ అవసరమూ లేకపోయింది.

మూడో మాట చెప్పేవాళ్ళు ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి, పొత్తు కుదరడమన్నది చాలావరకు పెరిగిన అలవాటేనంటారు. సన్నాయి మేళంతో పెరిగిన చెవికీ, చర్చి గాయకబృందంతో పెరిగిన చెవికీ ఒకే జంట ఒకేలా వినబడదు. అందులో నిజం ఉంది. అయినా సెకనుకు ఏడు ఊపులు మాత్రం ఎవరి చెవిలోనైనా ఏడే. ఆ గరగర ఇంపా, వెగటా అన్న దగ్గరే అలవాటు పనిచేస్తుంది.

మీటలున్నా హార్మోనియం కాదు

ఇంతవరకూ హిందెమిత్ నలుగురూ హార్మోనియం మెట్ల మీద ఊదుతున్నట్టు మాట్లాడాం. కచేరీలో అలా జరగదు. పియానో పక్కన లేనప్పుడు హార్న్ వాళ్ళు ఒకరి మీద ఒకరు ఆనుకుని శ్రుతి సర్దుకుంటారు. షడ్జం, అంతర గాంధారం, పంచమం కలిసిన మేజర్ కార్డు మీద నలుగురూ కాసేపు ఆగాల్సి వస్తే, గాంధారం ఎవరి వంతుకు వచ్చిందో ఆ మనిషి దాన్ని ఆ 14 సెంట్లు కిందికి దించుతాడు. అప్పుడు ఊపు ఆగిపోతుంది, కార్డు కదలకుండా నిలబడుతుంది. తరవాతి పాదంలో అదే స్వరం ఇంకో కార్డుకు పంచమం అయితే, దించినదాన్ని మళ్ళీ పైకి ఎత్తాలి. మీట అదే, వేలు అదే. మారేది పెదవి, బెల్‌లో చెయ్యి. రిహార్సల్లో ఎక్కువ సమయం పోయేది దీనికే. గాంధారం ఎవరిదో పెన్సిల్‌తో కాగితం మీద గుర్తు పెట్టుకుంటారు, పక్కన కిందికి చూపే చిన్న బాణం గుర్తు వేసుకుంటారు.